నర్సు పెద్దమ్మ

ఆ ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఏ పిల్లకి ఒంటిమీద దద్దుర్లు లేచినా మొదటి ఫోను పెద్దమ్మకే వెళ్లేది. ఊళ్లోకెల్లా పెద్ద కాన్పుల ఆస్పత్రిలో ముప్ఫయి రెండేళ్లు పనిచేసిన మనిషి మరి. చెల్లెలి పిల్లలే కాదు, చెల్లెలి అత్తింటివైపు వాళ్లు కూడా ఆమెని నర్సు పెద్దమ్మ అనే పిలిచేవారు. ఫోనులో ఆమె ఏనాడూ తొందరపడి మాట జారేది కాదు. అంతా విని, రెండు మూడు ప్రశ్నలు వేసి, "రేపు చెప్తాను" అనేది. మర్నాడు సాయంత్రం తానే ఫోను చేసి ఏ మందు, ఎన్ని చుక్కలు, ఎన్ని పూటలు, ఏ లక్షణం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. ఒక్కసారి కూడా ఆమె మాట పొల్లుపోలేదు. ముఖం చూడకుండా మందు రాసిపారేసే ఈ రోజుల్లో ఒక రోజంతా ఆలోచించి చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతుందని మరిది, అంటే చెల్లెలి భర్త, నలుగురిలో మెచ్చుకునేవాడు.

ఆ ఒక్కరోజు గడువు దేనికో మరిదికి తెలియదు. పెద్దమ్మ నర్సు కాదు. ఆస్పత్రి వెనక వైపు, బాయిలరు గదిని ఆనుకుని ఉన్న లాండ్రీలో బట్టలు ఉతికే మనిషి.

అది చిన్న పనేమీ కాదు. పొద్దున్నే వార్డుల నుంచి తోపుడు బళ్లలో మూటలు దిగేవి. రక్తం అంటిన దుప్పట్లని ముందు చన్నీళ్లలో నానెయ్యాలి. వేణ్ణీళ్లు తగిలాయంటే మరక గుడ్డని పట్టుకుని ఇక వదలదు. ఆపరేషను గది గుడ్డలు వేరు, పసిపిల్లల గుడ్డలు వేరు. డ్రమ్ముల్లాంటి యంత్రాల్లో ఉతికి, ఆరబెట్టి, ఆవిరి ఇస్త్రీ కింద పెట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దుప్పటి మడత పెడితే అంచుకి అంచు అతకాలి. యంత్రాల హోరులో పక్కమనిషి మాటే వినపడదు, ఇక పైన వార్డులో పుట్టిన పిల్లల ఏడుపు ఎక్కడ వినపడుతుంది? అన్నేళ్లలో పెద్దమ్మ ఒక్క కాన్పు కూడా కళ్లారా చూడలేదు. కానీ మూట విప్పి దుప్పటి చూసిందంటే ఆ తల్లి ఎంత అవస్థ పడిందో చెప్పగలిగేది. కొన్ని దుప్పట్లు ఆమె ఎవరికీ ఇవ్వకుండా తానే ఉతికేది.

అబద్ధం మొదట ఆడింది ఆమె కాదు, వాళ్లమ్మ. చెల్లెల్ని చేసుకోబోయేవాళ్లు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, పెద్దమ్మాయి ఏం చేస్తుందని అడిగారు. అదే సమయానికి ఆమె పనినుంచి వచ్చి, లాండ్రీ మనుషులకిచ్చే తెల్ల కోటు విప్పకుండా గుమ్మంలో నిలబడి ఉంది. "ఆస్పత్రిలో నర్సండీ" అంది తల్లి, ఆమె వైపు చూడకుండా. ఆమె కాదనలేదు. చెల్లెలి పెళ్లయ్యాక చెబుదామనుకుంది. పెళ్లయ్యాక చెల్లెలికి పిల్ల పుట్టాక చెబుదామనుకుంది. అప్పటికి చెల్లెలు కూడా నిజమే అనుకుంటోంది, ఎందుకంటే అక్క ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తల్లి పోయింది. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

జబ్బుల సంగతి అడిగినప్పుడల్లా పెద్దమ్మ చిన్న కాగితం మీద రాసుకుని పనికి వెళ్లేది. మధ్యాహ్నం హెడ్ నర్సు టీ తాగడానికి కిందికి దిగే వేళకి మెట్ల దగ్గర కాపు కాసేది. ఆ హెడ్ నర్సుది మంచి మనసు. "మీ ఇంట్లో జబ్బులకి కొదవ లేదే" అని నవ్వి, అన్నీ చెప్పేది. పెద్దమ్మ రాసుకునేది. అలా ఏళ్లు గడిచాయి.

రిటైరై రెండేళ్లయింది. హెడ్ నర్సు కూడా ఈమధ్యే ఉద్యోగం మానేసి కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోయింది, ఆమె నంబరు పెద్దమ్మ దగ్గర లేదు. ఆ ఏడాది సెలవులకి పది రోజుల ముందు చెల్లెలి కూతురు ఫోను చేసింది. చిన్నప్పుడు తిండి గింజగింజ ఏరుకుని తినేదని ఆ పిల్లని పిచ్చుక అనేవారు. ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతుంది, తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది. ఏటా సెలవుల్లో కుటుంబమంతా కలిసి కొండమీద చెరువొడ్డున ఒక ఇల్లు అద్దెకి తీసుకుని నాలుగు రోజులు గడపడం వాళ్లకి అలవాటు.

"మా అత్తగారు వద్దంటోంది పెద్దమ్మా. కొండదారి, కుదుపులు అంటోంది. నువ్వు చెప్పు. రావచ్చంటావా?"

పెద్దమ్మ నోటికి "రేపు చెప్తాను" అనే మాటే వచ్చింది. మర్నాడు ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. అడగడానికి ఎవరూ లేరు. ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికో వెళ్లి అడగొచ్చు. అడిగితే వద్దంటారేమో. పిచ్చుక రాకపోతే ఆ నాలుగు రోజులు ఆమెకి నాలుగు రోజుల్లా ఉండవు. ఒంటరి ఇంట్లో ఏడాది పొడుగునా ఎదురుచూసేది ఆ పిల్ల కబుర్ల కోసమే. సాయంత్రం ఫోను చేసి, "ఏం పర్లేదు, రా. నేనున్నాగా" అంది.

ఆ "నేనున్నాగా" అన్న మాట పట్టుకునే పిచ్చుక అత్తగారిని ఒప్పించి బయల్దేరింది.

మొదటి రెండు రోజులు ఇల్లు సంతలా ఉంది. వరండాలో పేకాట, వంటింట్లో చెల్లెలి అజమాయిషీ, మేడమీద పిల్లల గంతులు. మూడో రోజు పొద్దున్న పిచ్చుక పెద్దమ్మని గదిలోకి పిలిచి, నిన్న సాయంత్రం నుంచి నడుము లాగుతోందని, తెల్లవారాక పొత్తికడుపు మధ్య మధ్య బిగుసుకుంటోందని చెప్పింది. పక్కనే ఆమె భర్త నిలబడి ఉన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి, మితభాషి. కిందికి దిగి ఆస్పత్రిలో ఒకసారి చూపించుకుని వస్తే మంచిదేమో అన్నాడు.

పెద్దమ్మ పిచ్చుక పొట్టమీద చెయ్యి వేసింది. చేతికింద గట్టిగా, బంతిలా తగిలింది. దానికి అర్థమేమిటో ఆమెకి తెలియదు. ఆ క్షణాన ఆమెకి తోచింది ఒకటే. ఆస్పత్రికి వెళితే, ఈ నెలలో కొండ ఎక్కమని ఎవరు చెప్పారని అక్కడ అడుగుతారు. అందరి కళ్లూ తన వైపు తిరుగుతాయి. కాన్పుల వార్డు నర్సుకి ఆ మాత్రం తెలియదా అంటారు.

"దొంగనొప్పులు" అంది. ఆ మాట ఎప్పుడో హెడ్ నర్సు నోట విన్నది. "ఎనిమిదో నెలలో మామూలే. కాసేపు పడుకుంటే సర్దుకుంటాయి."

అల్లుడి ముఖం తేటపడింది. ఆ రోజు అందరూ పడవలో చెరువు అవతలి గట్టుకి వెళ్లాలని అనుకున్నారు. అతను ఉండిపోతానంటే పిచ్చుకే బలవంతాన పంపింది, పెద్దమ్మ ఉండగా భయమేమిటంది. రెండు కార్లూ రేవువైపు వెళ్లిపోయాయి. ఇంట్లో పిచ్చుక, ఆమె తల్లి, పెద్దమ్మ మిగిలారు.

పన్నెండు దాటాక పిచ్చుక మంచం మీంచి లేవబోయి ఒక్క కేక పెట్టింది. ఉమ్మనీరు నేలమీదంతా పారింది. చెల్లెలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అల్లుడికి ఫోను చేస్తే చెరువు మధ్యలో ఎక్కడున్నాడో, కలవలేదు. తన భర్తకి చేసింది, అదీ అంతే. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. పిచ్చుక మంచం కోడు పట్టుకుని, పళ్లు బిగించి, మధ్య మధ్య పెద్దమ్మ వైపే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. ఇంకెవరూ అక్కర్లేదన్నట్టుగా చూస్తోంది. పెద్దమ్మ వేణ్ణీళ్లు పెడతానని వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించకుండా గట్టు పట్టుకుని నిలబడిపోయింది. ఎంతసేపో ఆమెకే తెలియదు. తర్వాత లెక్క చూస్తే నాలుగైదు నిమిషాలకి మించి ఉండదు. కానీ ఆ తర్వాత చాలా కాలం ఆమెని నిద్రలో కూడా తరిమింది ఆ నాలుగైదు నిమిషాలే.

తిరిగొచ్చేసరికి చెల్లెలు అంబులెన్సు నంబరుకి ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి మంచం మీద ఉంచింది. అవతలి ఆవిడ గొంతు నెమ్మదిగా, స్పష్టంగా ఉంది. ఎన్నో నెల, నొప్పి ఎంతసేపటికోసారి వస్తోందని అడిగింది. బండి బయల్దేరిందని, కొండదారి కనక నలభై నిమిషాలు పడుతుందని చెప్పింది. "అక్కడ వైద్యం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంది.

"ఉన్నారండీ. మా అక్క నర్సే. కాన్పుల వార్డులో ముప్ఫయ్యేళ్లు చేసింది" అంది చెల్లెలు. ఆ మాట చెబుతుంటే ఆమె గొంతులో వణుకు తగ్గింది.

"హమ్మయ్య, మంచిదైంది" అంది అవతలి ఆవిడ. "సిస్టర్, గర్భద్వారం ఎంత తెరుచుకుందో చూశారా? తల ఎందాకా దిగింది?"

పిచ్చుక రొప్పు ఒక్కటే వినపడుతోంది.

"సిస్టర్? నా మాట వినిపిస్తోందా?"

"నేను నర్సుని కాదండీ" అంది పెద్దమ్మ. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఆస్పత్రిలో బట్టలు ఉతికేదాన్ని. నాకేమీ తెలీదు. ఒక్కొక్కటే విడమర్చి చెప్పండి, చేస్తాను."

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. ఆపద సమయంలో మతి చలించి ఏదో అంటోందేమోనన్నట్టు చూసింది. తర్వాత ఆమెకి అర్థమైంది. పిచ్చుక కూడా చూసింది. అప్పుడే నొప్పి ఎత్తుకోవడంతో తల గోడవైపు తిప్పేసుకుంది. పెద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. అక్కణ్నుంచి పారిపోవడానికి లేదు, ముఖం దాచుకోవడానికి చోటు లేదు.

ఫోనులో ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "సరే అమ్మా" అంది. సిస్టర్ అనడం మానేసింది. "చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కురండి. శుభ్రంగా ఉన్న తువ్వాళ్లు ఎన్నుంటే అన్ని తెండి."

అక్కడి నుంచి పెద్దమ్మ తన బుర్రతో ఒక్క పనీ చెయ్యలేదు. ఆ గొంతు ఏం చెబితే అదే చేసింది. తల కనిపిస్తోందా అంటే కనిపిస్తోందంది. లాగొద్దు, అరచెయ్యి ఆనించి ఊరికే ఉంచండి అంటే ఉంచింది. చెల్లెలు కూతురి వెనక కూర్చుని భుజాలు పట్టుకుంది, అక్క వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. పిచ్చుక రెండుసార్లు ఊపిరి బిగబట్టింది. మూడోసారి బిడ్డ ఒక్కసారిగా జారి పెద్దమ్మ చేతుల్లోకి వచ్చేసింది. ఆడపిల్ల. గోరువెచ్చగా, జారుడుగా, నీలంగా ఉంది. ఏడవలేదు.

"ఏడవట్లేదండీ" అంది పెద్దమ్మ.

"తువ్వాలుతో గట్టిగా తుడవండి. వీపు రుద్దండి. ఆపకండి."

రుద్దింది. ఏమీ లేదు. ఇంకా రుద్దింది. ఆ కొద్దిసేపట్లో ఆమె మనసులో దేవుడికి ఏ మొక్కూ మొక్కలేదు. రావచ్చని నేనే చెప్పాను, నేనే చెప్పాను అన్న ఒక్క మాటే తిరుగుతోంది. బిడ్డ మూతి వంకర పెట్టి, చిన్నగా తుమ్మినట్టు చేసి, పిల్లికూనలా సన్నగా ఏడుపు అందుకుంది. చెల్లెలు భోరుమంది. ఫోనులో ఆవిడ బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టి పైన కప్పమంది, బొడ్డుతాడు జోలికి వెళ్లొద్దంది. పెద్దమ్మ అలాగే చేసి, మంచం పక్కన నేలమీద కూలబడింది.

అంబులెన్సు వచ్చి, తల్లినీ బిడ్డనీ ఎక్కించే వేళకి కార్లు తిరిగొచ్చాయి. అల్లుడు తడిసిన పాంటుతో పరిగెత్తుకొచ్చి లోపలికి తొంగి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులింకా సరిగ్గా కడుక్కోలేదు. "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లమో" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెప్పాలంటే అదే సమయం. పెద్దమ్మ చేతులు విడిపించుకుని, ముందు బండెక్కమంది. అల్లుడు బండెక్కాడు, చెల్లెలూ ఎక్కింది. తలుపు మూసేముందు చెల్లెలు ఆమె వైపు ఒక్కసారి చూసింది. తిట్టి ఉంటే అంతకంటే తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నమంతా ఇంట్లో పెద్దమ్మ పేరే. పిల్లలు చుట్టూ మూగి ఎలా పట్టుకున్నావు, ఏం చేశావని అడిగారు. మరిది అందరికీ ఫోనులు చేసి, మా వదిన చేతిమీదుగానే కాన్పయింది అని చెబుతున్నాడు. ఆస్పత్రినుంచి కబురొచ్చింది. తల్లి బాగుంది, బిడ్డ నెల తక్కువ కనక వారం రోజులు అక్కడే ఉంచుతారట. ఆ కబురు విన్నాక పెద్దమ్మ వరండాలోకి వచ్చి, మరిది ఇంకో నంబరు కలుపుతుంటే, ఆ ఫోను కాస్త ఆపమంది. అందరూ వినేలానే చెప్పింది. తాను నర్సు కాదని, లాండ్రీలో చేసిందని, జబ్బులన్నీ ఇంకొకర్ని అడిగి చెప్పిందని, పిచ్చుకని రమ్మన్నదీ, దొంగనొప్పులన్నదీ ఎవర్నీ అడక్కుండా చెప్పినవేనని.

ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు, వాళ్లమ్మ వాడి చెయ్యి గిల్లింది. మరిది చేతిలోని ఫోను బల్లమీద పెట్టేశాడు. అచ్చాపీసులో పేజీలు సరిచూసే పని చేసి రిటైరైన మనిషి, తప్పు అనేది తన కన్ను తప్పించుకోదని అతనికి గర్వం.

"బట్టలుతికానని చెబితే మేం చిన్నచూపు చూస్తామనుకున్నావా వదినా?" అన్నాడు.

"అనుకున్నాను" అంది.

"ముప్ఫయ్యేళ్లూ అనుకున్నావా?"

తాను చిన్నబోవడమే కాదు, అన్నేళ్లుగా వాళ్లందర్నీ లోలోపల చిన్నచేసిందని ఆమెకి అప్పుడు తట్టింది. సిగ్గుమీద సిగ్గు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయింది. బస్సు కిందికి దిగే దారిలో పిచ్చుక ఉన్న ఆస్పత్రి కనిపించింది. దిగడానికి ముఖం చెల్లలేదు.

చెల్లెలు మూడు వారాలు ఫోను చెయ్యలేదు. చేసినప్పుడు కూడా, అమ్మకి నిజం తెలుసా అని ఒక్క మాటే అడిగింది. పెళ్లిచూపుల్లో ఆ అబద్ధం ఆడింది అమ్మేనంటే, "అంటే నాకోసం మొదలైంది" అని, బిడ్డ ఇంటికొచ్చి రెండు వారాలైందని చెప్పి పెట్టేసింది.

మర్నాడే పెద్దమ్మ బిడ్డని చూడ్డానికి వెళ్లింది. పిచ్చుక మామూలుగానే మాట్లాడింది, కూర్చోమంది, టీ ఇచ్చింది. ఒకప్పుడు వాగుడుకాయలా కబుర్లు చెప్పే పిల్ల ఇప్పుడు అడిగినదానికి మాత్రం జవాబు చెబుతోంది. బిడ్డని పెద్దమ్మ చేతికి ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఆమె లేవబోతుంటే అడిగింది.

"బట్టలుతికావని నాకేం కోపం లేదు పెద్దమ్మా. ఆ రోజు ఫోనులో రావచ్చని ఎందుకు చెప్పావు? తెలీదని చెప్పొచ్చుగా."

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. దారి పొడుగునా జవాబులు అల్లుకుంటూనే వచ్చింది. అవన్నీ వదిలేసింది.

"నువ్వు రావాలని" అంది. "నువ్వు రాకపోతే నాకు తోచదని."

పిచ్చుక తల వంచుకుని బిడ్డ కాలికి చిన్న మేజోడు తొడిగింది, మళ్లీ విప్పింది. "పాప ఏడవకుండా ఉన్నంతసేపూ నీ మాటే నమ్మి వచ్చానని తిట్టుకున్నాను, నిన్ను కాదు, నన్ను" అంది.

ఆ తర్వాత పెద్దమ్మ వారానికోసారి వెళ్లి వచ్చేది. పిచ్చుక స్నానానికి వెళ్లినప్పుడు ఊయల ఊపేది. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి, మీరేనా కాన్పు చేసిన నర్సు అంటే, కాదండీ, నేను ఆస్పత్రిలో బట్టలు ఉతికేదాన్ని, ఆ రోజు అదృష్టం బాగుండి గట్టెక్కాం అనేది. అన్న ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. అలవాటైపోతుందనుకుంది గానీ అవలేదు.

బిడ్డకి ఐదో నెలలో జ్వరం వచ్చింది. ఆ సంగతి పెద్దమ్మకి మూడో రోజున చెల్లెలి మాటల్లో తెలిసింది. డాక్టరుకి చూపించారట, తగ్గుముఖం పట్టిందట. ఎవరూ ఆమెకి ఫోను చెయ్యలేదు. ఎందుకు చేస్తారు? అది న్యాయమేనని తెలుసు. తెలిసినా, ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయింది.

సాయంత్రం వెళ్లింది. తలుపు తీసే ఉంది. హాల్లో పిచ్చుక బిడ్డని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. అల్లుడు బల్లముందు కూర్చుని ఏదో చేతిగడియారం విప్పి చూస్తున్నాడు. పెద్దమ్మ చెప్పులు విడిచి గుమ్మం బయటే ఆగింది. ఏం మందు వేశారని అడగాలనిపించి నాలుక కరుచుకుంది. అడగడానికి తనెవరు?

పిచ్చుక ఇటు తిరిగి చూసింది. కళ్లకింద నల్లగా ఉంది, మూడు రోజులుగా నిద్ర ఉన్నట్టు లేదు.

"లోపలికి రా పెద్దమ్మా" అంది. "అక్కడే నిలబడ్డావేం?"